నూగు వైపు, గరుకు వైపు

ఆ పొద్దున ఆకాశం నిద్ర లేవలేదు. బూడిద రంగు మబ్బు ఇళ్ల కప్పుల మీదే పడుకుని ఉంది. వాన పడేలా లేదు, ఎండ వచ్చేలా లేదు. మా ఊళ్లో అయితే ఇలాంటి పొద్దున మేకల్ని దొడ్లోంచి బయటికి తోలను. ఇక్కడ మా మామ ఇంట్లో తోలడానికి మేకలు లేవు. ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు అప్పటికే ఒకరికొకరు వీపు తిప్పుకుని టీ తాగుతున్నారు.

మామ దర్జీ. వీధి వైపు కొట్టు, కొట్టు వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక తలుపు. మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి వీధి మొత్తానికీ ఆయన టేపాయన. ఏడాది పొడుగునా వీధి వాళ్ల బట్టలు కుడతాడు, తన చొక్కా చంకలో చిరిగితే మాత్రం చెయ్యి దించుకుని తిరుగుతాడు. శీతాకాలం సెలవులకి ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆయనా కొట్టు తలుపు దించేస్తాడు. రెండు కుట్టు మిషన్ల మీద పాత దుప్పట్లు కప్పేస్తాడు. వాటికీ సెలవు ఉండాలంటాడు. ఆ సెలవుల్లో ఇంటికోసం కుట్టుకోవడమే, అదీ చేతి కుట్టు.

ఆ రోజులకి నేనూ మా ఆవిడా బస్సెక్కి వస్తాం. ఏడాదంతా గోనెసంచిలో పోగేసిన గుడ్డ ముక్కల్ని నేల మీద కుమ్మరిస్తారు. పొయ్యి చుట్టూ కూర్చుని ఒకరు దిండు గలీబు, ఒకరు చేతిసంచి, అత్త ఒక గుడ్డబొమ్మ మొదలుపెడతారు. ముక్క తీస్తే చాలు, అది ఎవరి బట్టో చెప్పేస్తారు. ఇది పోస్టుమేన్ పంట్లాం, అప్పుడు ఆయనకి కుక్క కరిచింది. ఇది డాక్టరమ్మ జాకెట్టు, మూడుసార్లు వదులు చేయించుకుంది, అయినా తను లావవలేదంటుంది. అలా నవ్వుకుంటూ సూదులు నడిపేవాళ్లు. నాకు కుట్టు రాదు. బట్టని తాత్కాలికంగా పట్టి ఉంచడానికి తెల్లదారంతో వేసే కచ్చాకుట్టు ఉంటుంది కదా, అసలు కుట్టు అయ్యాక ఆ దారాలు లాగేసే పని నాది. ఆ పని నాకు బాగుంటుంది. మాట్లాడక్కర్లేదు.

ఈసారి గోనెసంచి విప్పలేదు. మేం దిగిన సాయంత్రమే మామ ఒక మాట చెప్పాడు. కుడికంటికి పొర కమ్మింది, సుద్దగీత రెండుగా కనబడుతోంది, సెలవులు అయ్యాక బల్ల దిగిపోతానన్నాడు. దర్జీ కొట్టు సంగతి తెలియని వాళ్లకి ఒక ముక్క చెప్పాలి. కుట్టేవాళ్లు ఎందరైనా ఉండొచ్చు. కటింగ్ బల్ల దగ్గర నిలబడేది మాత్రం ఒక్కరే. కొలత తీసేదీ, సుద్ద గీసేదీ, కత్తెర పెట్టేదీ ఆ మనిషే. ఆ మనిషి మాటే కొట్టులో మాట.

బావమరిదికి ఆ బల్ల మీద ఆశ లేదు. మధ్యాహ్నం దాని మీద పడుకుని కునుకు తీస్తాడు, అంతవరకే. గుండీలు తప్ప ఇంకేమీ కుట్టలేడని వీధి వాళ్లు వాడికి గుండీ అని పేరు పెట్టారు. వాడూ పలుకుతాడు. ఆశ ఉన్నది ఇద్దరికి. ఒకరు మా ఆవిడ. మరొకరు గుండీ పెళ్లాం, వరసకి నాకు చెల్లెలు.

మా ఆవిడ ఆ బల్ల కిందే పెరిగింది. అక్షరాల కంటే ముందు సుద్దముక్క పట్టింది. తండ్రి ఇప్పటికీ ఆమెని పాపా అనే పిలుస్తాడు. నన్ను చేసుకుని మేకల మధ్యకీ కూరగాయల మళ్ల మధ్యకీ వచ్చి పడింది. బల్ల దక్కితే కొట్టు మీద గదిలో కాపురం పెట్టొచ్చునని దారి పొడుగునా చెప్పింది. మేకల్ని ఏం చేద్దామని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. నాకది ఇష్టం లేదని ఆమెకి తెలుసు.

చెల్లెమ్మ పెళ్లికి ముందు రెడీమేడ్ ఫ్యాక్టరీలో చేసింది. అక్కడ చొక్కా మొత్తం ఎవరూ కుట్టరట. ఒకరు చేతులు, ఒకరు జేబులు. ఈమె కాలర్లు. కోడలిగా వచ్చిన మర్నాటి నుంచే కొట్టులో కూర్చుంది. ఏడాదంతా మామ పక్కన ఉండేది ఆమే. కన్ను కనబడని రోజున సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదీ ఆమే.

ఇద్దరికీ మొదటి నుంచీ ఉప్పూ నిప్పే. ఎడమొహం పెడమొహంగానైనా ఇన్నాళ్లూ ఒకే పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లు. బల్ల మాట రాగానే అదీ పోయింది.

ఆ మబ్బు పొద్దున మామ పెట్టె తెరిచి ఒక బట్ట తీశాడు. మందంగా బూడిద రంగులో ఉంది, ఒక వైపు మెత్తగా నూగు ఉంది. వెనక వైపు గోనెపట్టాలా గరుకు. ఆ బట్ట ఎప్పుడో తన కోటుకని కొనుక్కున్నాడు. చలి వచ్చిన ప్రతిసారీ తీసేవాడు, ఎవరిదో తొందర పని వచ్చేది, మళ్లీ పెట్టెలో పెట్టేసేవాడు. అలా ఆయన ముసలివాడయ్యాడు గాని బట్ట ముసలిది కాలేదు.

వీపు భాగం, చేతులు, కాలరు తనే కోసుకున్నాడు. మిగిలిన బట్టని రెండు ముక్కలు చేసి ఒకటి కూతురికి, ఒకటి కోడలికి ఇచ్చాడు. ముందు భాగాలు చెరొకటి మీవి, కోసి కుట్టి తీసుకురండి, చూసి చెప్తానన్నాడు. ఏం చెప్తాడో ఎవరూ అడగలేదు. ముందు భాగం కోసే అట్ట మాత్రం ఒక్కటే ఉంది. చెల్లెమ్మ చెయ్యి చాపేలోపు మా ఆవిడ దాన్ని తీసుకుంది. గీసుకున్నాక చెల్లెమ్మ చేతికి ఇవ్వలేదు, గడప మీద పెట్టింది. చెల్లెమ్మ వచ్చి గడప మీంచి తీసుకుపోయింది.

మా ఆవిడ కొట్టులో, చెల్లెమ్మ లోపలి గదిలో కూర్చున్నారు. చలిగాలి వస్తోందని మధ్య తలుపు మూశారు. గాలి ఏమీ లేదు.

తలుపు మూసినా మాటలు ఆగలేదు. మోసేది అత్త, లేకపోతే నేను. సన్న సూదులు అటే ఉండిపోయాయి, అడిగి తెమ్మని మా ఆవిడ నన్ను పంపింది. వెళ్లి అడిగాను. చెల్లెమ్మ సూదుల డబ్బా ఇస్తూ, తలెత్తకుండా అంది.

“ఇవ్వడానికేం అన్నయ్యగారూ. వదిన ఊళ్లో ఎవరికి కుడుతున్నారో పాపం, చెయ్యి మర్చిపోయి ఉంటారు. మేకలు కోట్లు వేసుకోవుగా.”

నేను డబ్బా తెచ్చి ఇచ్చాను, మాట తేలేదు. తలుపు ఒంటి చెక్కది. పల్చటిది. మా ఆవిడ విననే విన్నది. అప్పుడే వేడినీళ్ల గిన్నె పట్టుకుని వచ్చిన తల్లితో, తలుపు వైపు తిరిగి గొంతు పెంచి చెప్పింది.

“మేకలకైనా నాలుగు కాళ్లుంటాయమ్మా. కాలర్లు కుట్టినవాళ్లకి మనిషంటే మెడ ఒక్కటే.”

అత్త గిన్నె దించి వెళ్లిపోయింది. ఆమెకి కోటు గుండీలకి గుడ్డ తొడిగే పని ఇచ్చారు. ఆ పని చేస్తూ ఆ గదిలో కాసేపు, ఈ గదిలో కాసేపు కూర్చునేది. రెండు చోట్లా నోరు తెరిచేది కాదు. వయసులో ఆమెకి నోరు పెద్దదని మామ అంటాడు. ఇప్పుడు దాచుకుంటోంది.

నేను ఉండేది కొట్టులోనే. మా ఆవిడ పనిచేస్తుంటే చూడడం నాకు ఇష్టం. ఛాతీ జేబు వేసిన రోజున గంటలకొద్దీ చూశాను. బట్టకి సూటిగా గాటు పెట్టింది. గాటుకి సన్నని పట్టీ వేసింది. పైన చూస్తే గీత గీసినట్టుంది, జేబు ఉందని తెలియదు, వేలు పెడితే తప్ప. తర్వాత గుండీలు పట్టే కాజాలు చేత్తో చుట్టింది. ఒక్కొక్క పోగు పక్కన ఒక్కొక్క పోగు, చీమలు బారు కట్టినట్టు. పెదవుల మధ్య దారం, కనుబొమల మధ్య చిన్న ముడి. పెళ్లైన కొత్తలో ఆ ముడి చూసి కోపం అనుకునేవాణ్ణి. కోపం కాదు, సంతోషం. ఊళ్లో ఆ ముడి చూసి చాలా కాలమైంది.

జేబుకి లోపల సంచి కావాలి కదా. గోనెసంచిలో చెయ్యి పెట్టి ఏది వస్తే అది తీసింది. ఒక సగం స్కూలు చొక్కా ముక్క, ఇంకో సగం పువ్వుల దిండు గలీబు ముక్క. అంచులు మడవకుండా గబగబా కలిపేసింది. నేను చూస్తున్నానని చూసి, లైనింగు కింద ఎవరికి కనబడుతుంది అంది. నేను తల ఊపాను.

సెలవులు అయిపోవచ్చాయి. భాగాలు కలిపే పొద్దున మామ బల్ల శుభ్రంగా తుడిచి, తను కుట్టిన వీపు భాగాన్ని పరిచాడు. మధ్య తలుపు తెరుచుకుంది. చెల్లెమ్మ వచ్చింది. నిద్ర లేని కళ్లు. ఇద్దరూ తమ తమ ముక్కల్ని తెచ్చి వీపు భాగం పక్కన పెట్టారు. రెండూ ఒకే పక్కన పెట్టారు, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మా ఆవిడ చెల్లెమ్మ ముక్కని వేలితో అటు జరిపింది. చెల్లెమ్మ దాన్ని మళ్లీ ఇటు జరిపింది.

మామ రెండూ తీసి పక్కపక్కన పెట్టాడు. రెంటికీ ఛాతీ జేబు ఉంది. రెంటికీ కాజాలు ఉన్నాయి. రెండూ ఎడమ భాగాలే.

మగవాళ్ల కోటుకి జేబూ కాజాలూ ఉండేది ఎడమ వైపే. కుడి వైపు గుండీలు తప్ప ఏమీ ఉండవు, అక్కడ పనితనం చూపించేది లేదు. పెద్దదాన్ని కదా, ఎడమ నాదే అవుతుందని మా ఆవిడ అనుకుంది. రోజూ కొట్టులో ఎడమ భాగాలు కుట్టేది తనే కదా అని చెల్లెమ్మ అనుకుంది. ఒక్క మాట అడిగితే తెలిసేది. అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ముందుగా నవ్వింది గుండీ.

“రెండు పక్కలా గుండె ఉందనుకున్నారు నాన్నా నీకు.”

ఎవరూ నవ్వలేదు. వాడూ సగంలో ఆపేసి కిటికీ దగ్గరికి పోయాడు. పొయ్యి దగ్గర కూర్చున్న అత్త కోటు గుండీకి గుడ్డ తొడుగుతూనే, ఈ సంగతి తనకి జేబులు వేసిన రోజునే తెలుసంది. మా ఆవిడ గిర్రున తిరిగింది.

“తెలిసీ చెప్పలేదా?”

“దానికి చెప్పు, దీనికి చెప్పు అని నన్ను గొట్టంలా వాడుకున్నారు. గొట్టం సొంతంగా మాట్లాడుతుందా?”

మామ మిగిలిన బట్ట చూశాడు. వేలెడు వెడల్పు పీలికలు తప్ప ఏమీ లేవు. అలాంటి బట్ట ఇప్పుడు ఎక్కడా దొరకదు. చాలాసేపు అరచేత్తో నూగు నిమిరాడు. తర్వాత, ఒకటి తిరగేస్తే కుడి భాగం అవుతుందన్నాడు. తిరగేసినదాని గరుకు వైపు పైకి వస్తుంది. వేసుకునేది నేనే కాబట్టి నాకు పర్వాలేదు, ఎవరిది తిరగెయ్యాలో మీరే తేల్చుకోండి అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఎవరిది తిరగబడితే వాళ్ల జేబూ కాజాలూ పనికిరానివైపోతాయి. వాళ్లకి బల్ల లేదు. ఆ మాట ఆయన అనక్కర్లేదు, బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. అది మాడినా సరే, తేలేవరకు గిన్నె దించనని అత్త చెప్పింది.

మా ఆవిడ నా వైపు తిరిగింది. నాతో చెప్తున్నట్టు చెప్పింది.

“తనది తిప్పమనండి. కాలర్లు కుట్టినవాళ్లకి లోపలేదో పైదేదో పెద్ద తేడా ఉండదు కదా.”

ఈసారి మాట మొయ్యాల్సిన పని పడలేదు. చెల్లెమ్మ బల్లకి అటు పక్క నుంచి సూటిగా మా ఆవిడ మొహంలోకి చూసింది. ఆ సెలవుల్లో ఆమెని నేరుగా పిలవడం అదే మొదటిసారి.

“నిజమే వదినా. కాలరు అరిగితే జనం విప్పి, తిప్పి కుట్టించుకుంటారు. అందుకని ఫ్యాక్టరీలో రెండు వైపులా ఒకేలా కుట్టమనేవాళ్లు. నాకు లోపల అంటూ లేదు.”

తన ముక్కని తీసి తిరగేసింది. జేబు సంచి పైకి వచ్చింది. లైనింగు బట్టతోనే కోసి, అంచులన్నీ లోపలికి మడిచి, చుట్టూ సన్నని కుట్టు వేసింది. గరుకు బట్ట మీద పెట్టి కుట్టిన బయటి జేబులాగే ఉంది. కాజాల వెనక వైపు కూడా పోగులు వరసగా ఉన్నాయి. ఎక్కడా ఒక ముడి కనబడలేదు.

“నాది తిప్పగలను. మీది తిప్పగలరా?”

మా ఆవిడ తన ముక్క మీద అరచెయ్యి పెట్టింది. మెల్లిగా కాదు, ఎవరో లాక్కుపోతారన్నట్టు అదిమి పెట్టింది. దాని కింద ఏముందో ఆ గదిలో ఆమెకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. స్కూలు చొక్కా, పువ్వుల గలీబు. నేను పొయ్యి వైపు చూశాను.

“చెయ్యి తియ్యి పాపా” అన్నాడు మామ.

తియ్యలేదు. ఆయన ఎదురుచూశాడు. చెయ్యి తీసింది. మామ ముక్కని తిప్పి, మంచి కన్నుకి దగ్గరగా పట్టుకున్నాడు. మడవని అంచుల్లోంచి పోగులు వేలాడుతున్నాయి. దిండు గలీబు మీద ఎర్ర పువ్వు సగానికి తెగి ఉంది. చెల్లెమ్మ దాన్ని చూసి చిన్నగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరిలో నవ్వు ఉంది.

మా ఆవిడ ఏడవలేదు. ఏడ్చే మనిషి కాదు. తండ్రి చేతిలో ఉన్న గుడ్డ వైపు చూస్తూ అంది.

“నేర్పింది నువ్వే నాన్నా. లైనింగు కింద ఎవరు చూస్తారు, ఏ ముక్క దొరికితే ఆ ముక్క వెయ్యమని. నాకు ఏడేళ్లప్పుడు, ఈ బల్ల కింద కూర్చోబెట్టి.”

మామ ముక్కని బల్ల మీద పెట్టాడు. మెడలో టేపు సరిచేసుకున్నాడు. సరిచెయ్యాల్సిన అవసరం లేదు.

“నేర్పాను. అప్పుడు నా దగ్గర బట్ట లేదు.”

పొయ్యి మీద కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. అత్త లేచి గిన్నె దించింది.

మామ కత్తెర తీసుకుని చెల్లెమ్మ ముందుకి జరిపాడు. ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. ఆయన దాన్ని అక్కడే ఆర్పేశాడు.

“చెయ్యి మంచిది. బుద్ధి మంచిది కాదు. కొట్టుకి చెయ్యి చాలు, తీసుకో.”

చెల్లెమ్మ తల దించుకుంది. కత్తెర మాత్రం తీసుకుంది.

నాకు కావలసింది నాకు దొరికింది. మేకలు దొడ్లోనే ఉంటాయి, ఆమె నాతో బస్సెక్కుతుంది. దానికి లోపల ఎక్కడో కాస్తయినా సంతోషం ఉంటుందని వెతుక్కున్నాను.

తర్వాత మధ్యాహ్నం దాకా కోటు కలిపారు. ఇద్దరూ బల్లకి చెరొక వైపు నిలబడి, ఒకరు ఎడమ భుజం నుంచి, ఒకరు కుడి భుజం నుంచి కాలరు చుట్టూ కుట్టుకుంటూ వచ్చారు. రెండు సూదులూ మెడ వెనక కలుసుకున్నాయి. ఎవరి దారం వాళ్లు ముడేసుకుని, ఎవరి దారం వాళ్లు కొరుక్కున్నారు. కుడి వైపు జేబు సంచి పై అంచు విప్పి దానికి నోరు చేసి, కాజాల్ని చెల్లెమ్మే దారంతో పూడ్చేసింది. చుట్టడానికి రాత్రులు పట్టిన వాటిని చూస్తుండగానే మూసేసింది. వాటి మీద గుండీ గుండీలు కుట్టాడు. అత్త ఒక్కొక్కటే అందించింది. నేను కచ్చాకుట్టు దారాలు లాగాను. మా ఆవిడ భాగం దగ్గరికి వచ్చినప్పుడు పువ్వుల గలీబు ముక్కని లైనింగు అప్పటికే కప్పేసింది. ఇక దాన్ని ఎవరూ చూడరు.

మామ కోటు తొడుక్కున్నాడు. ఎడమ వైపు మెత్తటి నూగు వెలుతురు పట్టి మెరుస్తోంది. కుడి వైపు గోనెలా ఉంది. అద్దంలో ఒకసారి చూసుకున్నాడు. భుజాలు ఎగరేశాడు. ఎడమ జేబులో వేలు పెట్టాడు, తీశాడు. కుడి జేబులో సుద్దముక్క వేసుకున్నాడు. విప్పకుండానే వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

అత్త రొట్టెలు తెచ్చింది. దుంపల కూర అడుగున మాడింది. పై భాగం మామకీ నాకూ వేసి, మాడిన ముక్కలు కూతురికీ కోడలికీ సమంగా పంచింది. గుండీ ఏదో అనబోయి తల్లి మొహం చూసి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. చెల్లెమ్మ ఒళ్లో కత్తెర ఉంది. మా ఆవిడ సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇనప తొడుగు తియ్యడం మర్చిపోయింది. ముద్ద తీసుకున్నప్పుడల్లా అది పళ్లేనికి తగిలి టిక్కుమంటోంది. మామ భుజం మీద నేను లాగడం మరిచిన తెల్లదారం ఒకటి లేచి నిలబడి ఉంది. అందరం చూశాం. ఎవరూ చెయ్యి చాపలేదు. తింటూ ఉండిపోయాం.